మన జబ్బు సంగతి ఎవరికి తెలుస్తుంది? కర్నూలు జిల్లా రోగులు, ఇంటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మకు టీబీ వచ్చి ఆరు నెలలు మందులు వాడింది. ఆ ఆరు నెలల్లో జబ్బు కంటే ఎక్కువ భయపెట్టింది "ఎవరికి తెలిసిపోతుందో" అన్న టెన్షనే. అమ్మ కోలుకున్నాక చుట్టాలు, వాళ్లకు తెలిసినవాళ్లు ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు నుంచి ఫోన్లు చేసి అడగడం మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా అవే అనుమానాలు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాసి, నాకు తెలిసిన జవాబులు ఇక్కడ పెట్టాను. టీబీ, హెచ్‌ఐవీ, షుగర్, బీపీ, కిడ్నీ జబ్బుల గురించే ఎక్కువగా ఉంటుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోవచ్చు.

## పరీక్షకు ముందు

ఇంటికొచ్చి షుగర్, బీపీ చూస్తామంటున్నారు. వద్దంటే రేషన్, పెన్షన్ ఆపేస్తారా?

ఆపరు. 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్నాయేమో చూడటం దేశమంతా జరిగే కార్యక్రమం. ఆశా, ఏఎన్‌ఎం ఒక ఫారం నింపుతారు. బీడీ, సిగరెట్, మందు అలవాటు ఉందా, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడుగుతారు, నడుము కొలత తీసుకుంటారు. వాకిట్లో పదిమంది ముందు కొలత ఇవ్వడానికి ఆడవాళ్లు ఇబ్బంది పడతారు. "లోపలికి రామ్మా" అని పిలవండి, లేదంటే విలేజ్ క్లినిక్‌కే వస్తానని చెప్పండి. ఈ పరీక్ష మాత్రం చేయించుకోమనే నేను చెబుతాను. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా కిడ్నీని, కంటిని తినేసే జబ్బులివి.

నాకు చెప్పకుండానే హెచ్‌ఐవీ పరీక్ష చేసేయొచ్చా?

చేయకూడదు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. పరీక్షకు ముందు విషయం వివరించి, మీ ఒప్పుకోలు తీసుకోవాలి. ముందూ వెనకా కౌన్సెలింగ్ ఉండాలి. దానం చేసిన రక్తాన్ని పరీక్షించడం, కోర్టు ఆదేశించడం లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. గర్భిణులందరికీ ఈ పరీక్ష రాస్తారు, అక్కడ కూడా అడిగే చేయాలి. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే కాగితాల కట్ట మీద చదవకుండా సంతకం పెట్టకండి. "ఇందులో ఏ పరీక్షకు ఒప్పుకుంటున్నాను సార్?" అని ఒక్క మాట అడగండి.

మన ఊర్లో వద్దు, కర్నూలు పోయి వేరే పేరుతో చేయించుకుంటే?

కర్నూలు పోవడంలో తప్పేమీ లేదు. సర్వజన ఆసుపత్రికి గద్వాల నుంచీ, రాయచూరు నుంచీ కూడా వస్తారు. ఆ జనంలో మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు. పేరు మార్చడమే ఇబ్బంది తెచ్చిపెడుతుంది. రిపోర్టు మీద ఒక పేరు, ఆధార్ మీద ఇంకో పేరు ఉంటే రేపు నగదు సాయం, పెన్షన్, పెద్దాసుపత్రికి రెఫరల్ అన్నీ ఆగిపోతాయి. అసలు పేరే చెప్పండి. "నా ఫోన్‌కు తప్ప ఇంకెవరికీ చేయొద్దు" అని కౌన్సెలర్‌కు చెప్పి, అలా రాయించుకోండి.

## పేరు నమోదయ్యేటప్పుడు

ప్రైవేటు డాక్టరుకే చూపించుకున్నాను. అయినా గవర్నమెంటు నుంచి ఫోనొచ్చింది. వాళ్లకెట్లా తెలిసింది?

మీది టీబీ అయితే ఆ డాక్టరే చెప్పి ఉంటారు, చెప్పి తీరాలి కూడా. 2012 మే నుంచి ప్రతి టీబీ కేసునూ ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి. 2018 మార్చిలో వచ్చిన గెజిట్ ప్రకారం చెప్పని డాక్టరు, ల్యాబు, మందుల షాపు మీద కేసు కూడా పెట్టొచ్చు. ఆ వివరాలు నిక్షయ్ అనే పోర్టల్‌లో ఎక్కుతాయి. మందుల షాపులో ఇంకో లెక్క ఉంటుంది. టీబీ మందులు హెచ్1 షెడ్యూలులో, అంటే లెక్క రాసి మరీ అమ్మాల్సిన మందుల జాబితాలో ఉన్నాయి కాబట్టి రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మందు ఒక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి.

ఇది మిమ్మల్ని పట్టుకోవడానికి కాదు. టీబీ గాలిలో పాకుతుంది, మందు మధ్యలో ఆపితే మొండి టీబీ అవుతుంది. అందుకే ప్రభుత్వానికి తెలియాలి. అయితే ప్రభుత్వానికి తెలియడం వేరు, వీధికి తెలియడం వేరు. మొదటిదానికి చట్టం ఉంది. రెండోదానికి ఎవరికీ హక్కు లేదు.

షుగర్, బీపీ, కిడ్నీ జబ్బుకు కూడా ఇట్లాగే చెప్పి తీరాలా?

లేదు. టీబీకి ఉన్నట్టు వీటికి అలాంటి నిబంధన లేదు. ప్రభుత్వ పరీక్షలో బయటపడితే ఈ జబ్బులకు ఉన్న వేరే పోర్టల్‌లో నమోదు చేసి, మందులకు పిలుస్తారు. ప్రైవేటులో చూపించుకుంటే ఆ కాగితాలు ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద డయాలసిస్ చేయించుకుంటే బిల్లు కోసం వివరాలు ఆ పథకం నడిపే ట్రస్టుకు వెళతాయి.

ఆభా నంబరు లేకపోతే ఓపీ చీటీ ఇవ్వరంట, నిజమేనా?

ఆభా అంటే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన డిజిటల్ మిషన్‌లో భాగం. తీసుకోవడం మీ ఇష్టం, లేదని వైద్యం ఆపకూడదు. కౌంటరు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ త్వరగా వస్తుంది కాబట్టి అక్కడివాళ్లు తొందరపెడతారు. మీ రిపోర్టులు పుట్టిన ఆసుపత్రిలోనే ఉంటాయి. ఇంకో డాక్టరు చూడాలంటే మీ ఫోన్‌కు అనుమతి అడుగుతూ సందేశం రావాలి. వద్దనుకుంటే ఖాతా తీసేయవచ్చు. సందేహాలుంటే 1800-11-4477కు చేయండి.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ముసలివాళ్లకు ఫోన్ ఉండదు. క్యూలో పక్కన నిలబడ్డవాళ్ల నంబరు, ఊరి కుర్రాడి నంబరు ఇచ్చేస్తారు. ఆ క్షణం నుంచి ఓటీపీ ఆ కుర్రాడికి, అపాయింట్‌మెంట్ మెసేజ్ ఆ కుర్రాడికి. మా పెద్దమ్మ షుగర్ రిపోర్టు లింకు రెండు నెలల పాటు కిరాణా కొట్టు అబ్బాయికి పోయింది. ఆ పిల్లోడు మంచివాడు కాబట్టి వచ్చి చెప్పాడు. ఇంట్లో కొడుకుదో, కూతురిదో నంబరు ఇవ్వండి. ఇప్పటికే వేరేవాళ్లది ఇచ్చి ఉంటే మార్పించండి.

టీబీ అని తేలితే హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఎందుకు చేస్తారు? నన్ను అనుమానిస్తున్నారా?

అనుమానం కాదు. టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ, షుగర్ పరీక్షలు చేయడం పద్ధతి. ఈ రెండింటిలో ఏది ఉన్నా టీబీ తేలిగ్గా వస్తుంది, వైద్యం కూడా మారుతుంది. మా అమ్మకు షుగర్ ఉందని అలాగే బయటపడింది. హెచ్‌ఐవీ పరీక్షకు మాత్రం మీ ఒప్పుకోలు కావాలి. ఫలితాన్ని మీకు ఒంటరిగా, గది తలుపు వేసి చెప్పాలి.

## మందులు వాడుతున్నప్పుడు

రోజూ మాత్ర వేసుకున్నానో లేదో వాళ్లకెట్లా తెలుస్తుంది?

చాలా చోట్ల ఆశానో, సూపర్‌వైజర్ సారో ఫోన్ చేసి, ఇంటికొచ్చి ఖాళీ స్ట్రిప్పు చూస్తారు. కొందరికి 99డాట్స్ పద్ధతిలో మందు ఇస్తారు. స్ట్రిప్పు చుట్టూ అట్ట కవరు ఉంటుంది, మాత్ర తోస్తే దాని వెనక ఒక నంబరు కనిపిస్తుంది. దానికి ఉచితంగా రింగ్ ఇస్తే ఆ రోజు వేసుకున్నట్టు లెక్క. ఇంకో రకం పెట్టె ఉంటుంది. మూత తెరిస్తే ఆ సమయం నమోదవుతుంది. పెట్టె మీ మాటలు వినదు, ఫోటో తీయదు. మీకు ఏది ఇచ్చినా "ఇది ఏం పంపుతుంది, ఎవరు చూస్తారు?" అని అడగండి. చెప్పడం వాళ్ల బాధ్యత. ఏదైనా రోజు మర్చిపోతే దాచకండి. దాచితే డాక్టరుకు తప్పుడు లెక్క పోతుంది.

ఆశా వర్కరు ఇంటికి రావద్దని చెప్పొచ్చా?

చెప్పొచ్చు, కానీ మొత్తం వద్దనకండి. టీబీ ఇంట్లో పిల్లలను, మిగతావాళ్లను పరీక్షించాలి, అవసరమైతే జబ్బు రాకుండా మందు ఇవ్వాలి. అది జరగకపోతే నష్టం మనకే.

ఎలా రావాలో మాత్రం మీరు చెప్పండి. మా వీధి కొళాయి దగ్గర ఒక పొద్దున అమ్మ బిందె పట్టుకొని వరుసలో ఉంది. మందులు ఇచ్చే ఆమె రోడ్డు మీది నుంచే "పెద్దమ్మా, టీబీ మాత్రలు అయిపోయినాయా?" అని కేకేసింది. అంతే. ముందున్న ఆమె తన బిందెను కాలితో జరిపి అమ్మ బిందెకు దూరంగా పెట్టింది. అమ్మ నీళ్లు పట్టకుండానే ఇంటికొచ్చింది. ఆ తర్వాత నెల రోజులు కొళాయికి నేనే పోయాను. అప్పటికి అమ్మ మందులు మొదలుపెట్టి రెండు నెలలు దాటింది. సరిగ్గా మందు పడితే రెండు వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుందని డాక్టరు చెప్పి ఉన్నారు.

మందులిచ్చే ఆమెను నేను పిలిచి, కాఫీ ఇచ్చి, విషయం చెప్పాను. "అక్కా, నువ్వు మంచికే అడిగినావు, కానీ వీధిలో వద్దు. ఫోన్ చెయ్, లేదంటే లోపలికి రా." ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరూ ఆమెకు చెప్పలేదట. తర్వాత ఎప్పుడొచ్చినా "బాగున్నావా పెద్దమ్మా" అంటూ నేరుగా వంటింట్లోకి వచ్చేది. మన దగ్గర గుట్టు బయటపడేది ఎక్కువగా ఇట్లా అరుగుల మీద, కొళాయిల దగ్గరే. కంప్యూటరు నుంచి పోయేది చాలా తక్కువ.

పోషణ కిట్ ఇస్తూ ఫోటో తీస్తామంటున్నారు. వద్దంటే కిట్ ఇవ్వరా?

2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ్ మిత్ర పథకంలో దాతలు టీబీ రోగులకు పప్పు, నూనె, బియ్యం లాంటివి ఇస్తారు. మీ పేరు దాతకు చెప్పాలన్నా ముందు మీ ఒప్పుకోలు తీసుకోవాలి. ఫోటోకు ఒప్పుకోవడం వేరు, కిట్‌కు ఒప్పుకోవడం వేరు. "కిట్ కావాలి, ఫోటో వద్దు" అనడం అడుక్కోవడం కాదు, మీ హక్కు.

ఈ మాట గట్టిగా చెప్పాలని ఉంది. దాతల మనసు మంచిదే. కానీ వరుసగా కూర్చోబెట్టి, చేతిలో సంచి పెట్టి, వెనక "టీబీ రోగులకు" అని ఫ్లెక్సీ కట్టి తీసిన ఫోటో మరుసటి రోజు ఊరి వాట్సాప్‌లో ఉంటుంది. పెళ్లి కావలసిన పిల్ల కూడా ఆ వరుసలో ఉంటుంది. రికార్డు కోసం తప్పదంటే చేతులు, సంచి మాత్రమే తీయమనండి. ముఖం తిప్పుకోండి, లేదా ఇంటివాళ్లను పంపి తెప్పించుకోండి. దాతలు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆ ఫ్లెక్సీ కట్టకండి.

సుగ్గికి గుంటూరు పోతున్నాం. మందులెట్లా? అక్కడ మేస్త్రికి తెలుస్తుందా?

మిరపకోతకు కుటుంబాలతో సహా పోయే కోసిగి, ఆలూరు వైపు వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. ప్రభుత్వ రికార్డు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. పోయే ముందు మీ టీబీ యూనిట్‌లో చెబితే నిక్షయ్‌లో మీ కేసును అక్కడి ఆసుపత్రికి బదిలీ చేస్తారు. మీ నిక్షయ్ ఐడీ చీటీ మీద రాసి దగ్గర పెట్టుకోండి. హెచ్‌ఐవీ మందులకు (వీటినే ఏఆర్‌టీ అంటారు) కూడా ఏఆర్‌టీ సెంటరు నుంచి ఇలాగే ఏర్పాటు ఉంది. మేస్త్రికి చెప్పాల్సిన పని ఆసుపత్రికి లేదు. గుడారంలో అందరూ కలిసి పడుకుంటారు కాబట్టి దగ్గు మళ్లీ మొదలైతే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

ఏఆర్‌టీ పుస్తకం, మాత్రల డబ్బా ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలి?

ఆకుపచ్చ పుస్తకం చూడగానే తెలిసినవాళ్లు గుర్తుపట్టేస్తారు. దానికి మామూలు నోటు పుస్తకం అట్ట వేసుకోండి. మాత్రలను వేరే డబ్బాలోకి మార్చాలనుకుంటే ముందు ఫార్మసిస్టును అడగండి, తేమ తగిలితే కొన్ని పాడవుతాయి. డబ్బా అలాగే ఉంచి లేబులు మీద కాగితం అంటించుకోవడం మేలు.

## డబ్బు, పెన్షన్

పెన్షన్ తీసుకుంటే జబ్బు పేరు బయటపడదా?

ఈ భయంతో పెన్షనే వదిలేసినవాళ్లను చూశాను. మన రాష్ట్రంలో 2024లో పెంచిన ప్రకారం ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లకు నెలకు 4,000, డయాలసిస్ రోగులకు 10,000 రూపాయలు. పేదింటికి అది చిన్న మొత్తం కాదు. సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి పెన్షన్లు ఇచ్చేటప్పుడు ఎంత ఇచ్చారో పక్కింటివాళ్లు లెక్కేస్తారు, నిజమే. అందుకే దరఖాస్తు చేసేటప్పుడే ఏఆర్‌టీ కౌన్సెలర్‌తో మాట్లాడి, డబ్బు బ్యాంకు ఖాతాలో పడే వీలు గురించి అడగండి. టీబీకి నిక్షయ్ పోషణ సాయం నేరుగా ఖాతాలోనే పడుతుంది. 2018లో నెలకు 500తో మొదలై 2024 నవంబరు నుంచి 1,000 అయింది. పాస్‌బుక్ ఎవరితోనైనా ఎంట్రీ వేయిస్తుంటే ఆ వరుసలు వాళ్లకు కనిపిస్తాయని గుర్తుంచుకోండి.

వీటికి ఆధార్ ఇవ్వకపోతే?

ప్రభుత్వ ఖజానా నుంచి డబ్బు ఇచ్చే పథకాలకు ఆధార్ అడగవచ్చని 2018 సెప్టెంబరు 26 తీర్పులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కాబట్టి పెన్షన్‌కు, నగదు సాయానికి ఇవ్వాల్సి వస్తుంది. జిరాక్స్ మీద "ఫలానా పథకం కోసం మాత్రమే" అని అడ్డంగా రాసి, తేదీ వేసి ఇవ్వండి.

## ఎవరైనా అడిగితే

కంపెనీలో మెడికల్ రిపోర్టు అడుగుతున్నారు. చెప్పాలా?

ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్ష షరతుగా పెట్టడం 2017 చట్టం ప్రకారం నేరుగా నిషేధం. ఆ కారణంతో తీసేయడం కూడా కుదరదు. వందమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. టీబీకి అలాంటి ప్రత్యేక చట్టం లేదు, ఇది నిజంగా పెద్ద లోటు. సెలవు తర్వాత పనికి పోయేటప్పుడు "ఫలానా తేదీ నుంచి పనికి రావచ్చు" అని డాక్టరు రాసిన ఫిట్‌నెస్ కాగితం ముందు ఇవ్వండి. మొత్తం ఫైలు చేతిలో పెట్టకండి.

డాక్టరు నా భార్యకో, భర్తకో చెప్పేస్తారా?

హెచ్‌ఐవీ విషయంలో చట్టం మెట్లు పెట్టింది. ముందు మీకు కౌన్సెలింగ్ ఇచ్చి, మీరే చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. మీరు చెప్పరని, అవతలి మనిషికి నిజంగా ప్రమాదం ఉందని అనిపిస్తే, చెప్పబోతున్నామని మీకు తెలిపి, ఆ మనిషికి కౌన్సెలింగ్ ఇచ్చి నేరుగా చెప్పవచ్చు. అత్తకు, మామకు, అన్నకు చెప్పడానికి ఇందులో చోటు లేదు. చెబితే కొడతారని, ఇంట్లోంచి గెంటేస్తారని భయమున్న ఆడవాళ్ల విషయంలో చెప్పకుండా ఉండాలని కూడా అదే చట్టంలో ఉంది. ఆ భయం ఉంటే కౌన్సెలర్‌కు దాచకుండా చెప్పండి. 1097కు ఫోన్ చేసి కూడా మాట్లాడవచ్చు.

పక్కింటాయన ఆర్టీఐ వేసి నా రిపోర్టు తీసుకోగలడా?

తీసుకోలేడు. వ్యక్తిగత సమాచారానికి ఆ సమాచార హక్కు చట్టంలోనే 8(1)(జే) కింద రక్షణ ఉంది.

## సమాచారం బయటికి పోయినప్పుడు

వాట్సాప్ గ్రూపులో రోగుల లిస్టు పెట్టారు. అందులో నా పేరుంది. ఏం చేయాలి?

ముందు స్క్రీన్‌షాట్ తీయండి. తేదీ, సమయం, గ్రూపు పేరు, పెట్టినవాళ్ల నంబరు కనపడాలి. తర్వాత తీసేయమని అడగండి. కోపంలో ముందే గొడవ పడితే వాళ్లు తీసేస్తారు, మీ చేతిలో ఆధారం ఉండదు. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు, జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వవచ్చు. అక్కడ హాలు నిండా జనం ఉంటారు. అర్జీ పైన జబ్బు పేరు రాయకండి. "వ్యక్తిగత వైద్య సమాచారం బయటపెట్టడం గురించి" అని రాసి, వివరాలు మూసిన కవరులో ఇవ్వండి.

హెచ్‌ఐవీ అయితే ఇంకా బలమైన దారి ఉంది. 2017 హెచ్‌ఐవీ చట్టం కింద ఫిర్యాదులు వినే అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో ఆదేశం ఇవ్వాలి. కోర్టుకు పోయినా అసలు పేరు బయటికి రాకుండా నడిపించమని అడగవచ్చు. మానసిక జబ్బులకు 2017 మానసిక ఆరోగ్య చట్టం గోప్యత హక్కు ఇచ్చింది. మిగతా జబ్బులకు ఆధారం 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఇచ్చిన తీర్పు. గోప్యత ప్రాథమిక హక్కని అందులో చెప్పారు. 2023 డిజిటల్ సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి గానీ, అందులోని ముఖ్యమైన బాధ్యతలు అమలయ్యేందుకు 18 నెలల గడువు ఇచ్చారు.

నా రిపోర్టులు నాకే ఇవ్వడం లేదు. అడగొచ్చా?

అడగొచ్చు. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఒక తెల్ల కాగితం మీద రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

## మందులు అయిపోయాక

టీబీ తగ్గిపోయింది. లిస్టులోంచి నా పేరు తీసేయమనొచ్చా?

పాత రికార్డు ఉంటుంది, చెరిపేయరు. వైద్యం పూర్తయిందని అందులో రాస్తారు. ఆ తర్వాత కూడా రెండేళ్ల వరకు ఆరు నెలలకోసారి పిలుస్తారు, జబ్బు తిరగబెట్టిందేమో చూడటానికి. ఇంటికి రావద్దనుకుంటే మీరే ఆసుపత్రికి పోయి చూపించుకోండి. ఫోన్ నంబరు మారితే చెప్పండి, పాత నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలియదు కదా. సందేహాలకు టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666.

మా అమ్మాయికి రెండేళ్ల కింద టీబీ వచ్చి తగ్గింది. ఇప్పుడు సంబంధం వచ్చింది. వాళ్లు ఆసుపత్రిలో విచారిస్తే చెప్పేస్తారా?

చెప్పకూడదు. కోర్టు అడిగినప్పుడు, ఇంకొకరికి ప్రాణాపాయం ఉన్నప్పుడు, చట్టప్రకారం ప్రభుత్వానికి తెలపాల్సినప్పుడు తప్ప రోగి గుట్టు బయటపెట్టకూడదని డాక్టర్ల నియమావళిలోనే ఉంది. పెళ్లివారి విచారణ ఇందులో దేనికిందకీ రాదు. పూర్తిగా మందులు వాడి తగ్గిన టీబీ అవతలివాళ్లకు ప్రమాదం కాదు, పిల్లలు పుట్టడానికి సాధారణంగా అడ్డూ కాదు. గర్భాశయానికి టీబీ వచ్చి ఉంటే మాత్రం ముందు డాక్టరుతో మాట్లాడండి.

చెప్పాలా వద్దా అన్నది అమ్మాయి ఇష్టం. తల్లిదండ్రులది కాదు, పెళ్లిళ్ల పేరయ్యది అసలే కాదు. ఆమె చెప్పదలుచుకుంటే అబ్బాయితో తనే మాట్లాడుతుంది. వైద్యం పూర్తయిన కాగితం ఆమె దగ్గరే, ఆమె బీరువాలోనే ఉండనివ్వండి.